రాజనీతి చదువు: కర్త లేని వాక్యాలు

1937 వేసవిలో ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో యువకులకు రాజకీయాలూ ఆర్థికశాస్త్రమూ నేర్పటానికి ఒక పాఠశాల పెడితే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రాజకీయాలు చదువుకోవటం అప్పుడు నేరం. తర్వాత్తర్వాత అదే విషయాన్ని ప్రభుత్వమే చెప్పించటం మొదలుపెట్టింది. పుస్తకాలు అచ్చువేసింది, పరీక్షలు పెట్టింది, పట్టాలిచ్చింది. ఇది ప్రజలు పోరాడి సాధించుకున్న విజయమేనని ఒప్పుకోవలసిందే. కాని ఒకప్పుడు పోలీసుల్ని పంపి ఆపించవలసినంత ప్రమాదకరంగా తోచిన చదువు ఇప్పుడు ఏ పాలకుడికీ నిద్ర చెరపటం లేదంటే, మధ్యలో ఆ చదువుకేమైందో విచారించటం అవసరం.

ఇప్పుడే విచారించటానికి ఒక కారణం వుంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2023-24 నుంచి ఒకే విషయాన్ని ప్రధానంగా చదివే పద్ధతి వచ్చింది. పూర్వం బి.ఏ. అంటే మూడు విషయాల కలయిక: చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి. మూడింటిలో ఒకటి చప్పగా వున్నా మిగతా రెండూ ఆదుకునేవి. రాజనీతిలో రాజ్యం గాలిలో తేలుతూ కనిపిస్తే, పక్క గంటలో చరిత్ర అధ్యాపకుడు దాన్ని నేలమీదికి దించేవాడు. ఇప్పుడు రాజనీతిని ప్రధానవిషయంగా ఎంచుకున్న విద్యార్థి మూడు నాలుగేళ్ళు దానితోనే కాపురం చెయ్యాలి.

తెలుగు సాహిత్యం చెప్పుకునేవాడికి రాజనీతితో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. హెరాల్డ్ లాస్కీ 1925లో అచ్చువేసిన తన ప్రసిద్ధ గ్రంథానికి 'రాజకీయాల వ్యాకరణం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. ఆయన వ్యాకరణం అన్నాడు గనక వ్యాకరణం చెప్పేవాళ్ళకి ఆ తరగతి గదిలోకి తొంగిచూసే హక్కు కొంత వుందనుకుంటాను. నేను చూసేది కూడా ముఖ్యంగా భాషనే: పేర్లు, నిర్వచనాలు, వాక్యాలు. భావాల తప్పులు ఎక్కువ భాగం భాషలోనే పట్టుబడతాయి.

ముందుగా పేర్లు. ఇంటర్మీడియట్‌లో ఈ విషయాన్ని చాలాకాలంగా పౌరశాస్త్రం అంటున్నాం. పౌరుడంటే పురంలో వుండేవాడు. పాత గ్రంథాలు పౌరజానపదులు అని జంటగా చెప్పేవి. నగరం వాళ్ళూ, పల్లెల వాళ్ళూ. మనం ఆ జంటలో సగాన్ని శాస్త్రానికి పేరుగా తీసుకున్నాం. మిగిలిన సగాన్ని పాటలకూ కథలకూ అప్పగించి జానపద సాహిత్యం అన్నాం. పల్లెవాడు పాటకు పనికొస్తాడు, ప్రభుత్వానికి పనికిరాడని ఎవరూ కావాలని నిర్ణయించి వుండరు. అయినా పేరు తన పని తాను చేస్తూనే వుంటుంది.

డిగ్రీలోకి వస్తే అది రాజనీతి అవుతుంది. మన భాషలో ఈ మాటకు పెద్ద వంశమే వుంది. మడికి సింగన సకలనీతిసమ్మతంలో అంతకుముందున్న తెలుగు నీతిగ్రంథాలనుంచి పద్యాలు ఏరి కూర్చాడు. ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు కొడుక్కి రాజ్యం అప్పగిస్తూ రాజనీతి బోధిస్తాడు. వాటన్నిటిలో వినేవాడు రాజు, లేదా రాజు కాబోయేవాడు. కోటలో ఎవర్ని నమ్మాలి, పన్ను ఎంత తీయాలి, సామంతుణ్ణి ఎలా అదుపులో పెట్టాలి అన్నవే ప్రశ్నలు. పన్ను కట్టేవాడు ఏం చెయ్యాలన్న ప్రశ్న అందులో రాదు, రావటానికి వీల్లేదు. ఈనాటి పాఠ్యపుస్తకంలో రాజు లేడు, కాని చూపు మాత్రం సింహాసనం మీద కూర్చున్నవాడిదే. సమస్యలన్నీ పరిపాలన సమస్యలుగా వుంటాయి. నిరుద్యోగం ప్రభుత్వం ఎదుర్కొంటున్న సమస్య, ప్రాంతీయ అసమానత ప్రభుత్వం ఎదుర్కొంటున్న సమస్య, ప్రజల ఆందోళన కూడా ప్రభుత్వం ఎదుర్కొంటున్న సమస్యే. ప్రజలు ఎదుర్కొంటున్న సమస్యల్లో ప్రభుత్వం కూడా ఒకటి కావచ్చునన్న ఆలోచన ఆ పుటల్లో ఎక్కడా తగలదు.

అయితే పాతవాళ్ళకి ఒక గుణం వుంది. వాళ్ళు దాచలేదు. రాజ్యాంగం అనే మాటనే తీసుకోండి. అమరకోశం రాజ్యాంగాలని ఏడింటిని లెక్కపెడుతుంది. కౌటిల్యుడి లెక్కలో అవి స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. అంటే రాజ్యానికుండే అవయవాలు. ఆ మాటనే ఇప్పుడు మనం మూలశాసనానికి వాడుకుంటున్నాం. దాని పక్కన నేటి విద్యార్థి మొదటి సంవత్సరంలోనే వల్లెవేసే రాజ్యలక్షణాలు పెట్టి చూడండి: ప్రజలు, ప్రదేశం, ప్రభుత్వం, సార్వభౌమత్వం. నాలుగూ గౌరవనీయమైన మాటలే. కాని ఏడింటిలో వున్న రెండు వస్తువులు నాలుగింటిలో లేవు. కోశం లేదు, దండం లేదు. డబ్బూ లేదు, కర్రా లేదు. రాజ్యం అన్నదానికి ఖజానా వుంటుందనీ, సైన్యం వుంటుందనీ కౌటిల్యుడు మొహమాటం లేకుండా చెప్పిన విషయాన్ని ఆధునికశాస్త్రం సార్వభౌమత్వం అనే పట్టుశాలువా కింద కప్పేసింది.

ఇలా అన్నానని పూర్వవైభవం పాట అందుకున్నాననుకోవద్దు. ప్రాచీన భారతీయ విజ్ఞానం పేరుతో ఈమధ్య కౌటిల్యుణ్ణి పూజాపీఠం మీదికి ఎక్కిస్తున్నవాళ్ళకీ నాకూ పొత్తు లేదు. ఆయన లెక్కలో జనపదం అంటే పన్నూ, పనివాళ్ళూ వచ్చే చోటు. అది కూడా ఆయన దాచలేదు. అందుకోసమే ఆయన్ని చదవాలంటాను.

ఇక వాక్యాలు. ఈ పుస్తకాల్లో క్రియలు ఎక్కువగా 'బడు'తో ముగుస్తాయి. అధికారాలు వికేంద్రీకరించబడ్డాయి. పథకాలు ప్రవేశపెట్టబడ్డాయి. భూసంస్కరణలు చేపట్టబడ్డాయి కాని ఆశించిన ఫలితాలు సాధించబడలేదు. ఈ చివరి తరహా వాక్యాన్ని కాస్త ఆగి చూడండి. చేపట్టినదెవరు? ఆశించినదెవరు? సాధించనివ్వనిదెవరు? ఆంధ్రప్రదేశ్‌లో భూపరిమితి చట్టం 1973లో వచ్చింది. భూములు ఎవరి పేరుమీదినుంచి ఎవరి పేరుమీదికి జరిగాయో, ఏ పరగణాలో ఏ కుటుంబాలు చట్టానికి ముందే పంపకాలు చేసుకున్నాయో వూళ్ళో ముసలివాళ్ళకి తెలుసు. ఆ ముసలివాళ్ళ మనవడే తరగతిలో కూర్చుని 'సాధించబడలేదు' అని రాసుకుంటాడు.

తెలుగులో మాట్లాడేవాడెవడూ ఇలా మాట్లాడడు. రైతు 'మా పొలం లాక్కున్నారు' అంటాడు. అందులోనూ కర్త పేరు లేదు. కాని క్రియ చివర 'ఆరు' వుంది. ఆ పని చేసినవాళ్ళు మనుషులనీ, ఒకరికంటే ఎక్కువమంది అనీ, వెతికితే దొరుకుతారనీ ఆ ప్రత్యయం చెబుతుంది. 'భూమి సేకరించబడింది' అంటే ఆ కాస్త ఆనవాలు కూడా చెరిగిపోతుంది. భూమి తనంతట తానే వెళ్ళి సేకరణలో చేరినట్టు వుంటుంది. ఇది ఇంగ్లీషునుంచి తర్జుమా చెయ్యటంలో వచ్చిన దోషమని సరిపెట్టుకుంటారు. దోషమే అయితే ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు దిద్దేవారు. దిద్దకపోవటానికి కారణం ఆ వాక్యం అందరికీ సౌకర్యంగా వుండటమే. రాసేవాడికి భయం లేదు, చెప్పేవాడికి బాధ్యత లేదు, దిద్దేవాడికి శ్రమ లేదు.

భాషను పట్టించుకుని చదివితే ఇదే పాఠ్యాంశంలో ఎంత సరుకు వుందో చూపటానికి పంచాయతీల అధ్యాయం చాలు. 73వ సవరణను విద్యార్థులందరూ చదువుతారు. 1992లో చేశారు, 1993 ఏప్రిల్ 24నుంచి అమలు, పదకొండో షెడ్యూలు, 29 అంశాలు. ఈ 29 పరీక్షల్లో చాలా ప్రసిద్ధమైన సంఖ్య. కాని అధికరణాల క్రియాపదాలు చూడమని ఎవరైనా చెబుతున్నారా? స్థానాలు కేటాయించటం గురించి చెప్పే 243-డి 'కేటాయించాలి' అంటుంది. గడువు ముగిసేలోపల ఎన్నికలు పూర్తిచెయ్యటం గురించి చెప్పే 243-ఇ కూడా 'చెయ్యాలి' అనే అంటుంది. పంచాయతీలకి అధికారాలివ్వటం గురించి చెప్పే 243-జి దగ్గరకొచ్చేసరికి శాసనసభ చట్టం ద్వారా 'ఇవ్వవచ్చు' అంటుంది. ఎన్నిక తప్పనిసరి, అధికారం దయాధర్మం! ముప్పై ఏళ్ళ పంచాయతీల కథంతా ఈ 'ఆలి'కీ 'వచ్చు'కీ మధ్య వున్న తేడాలో వుంది. సర్పంచికి కుర్చీ వుంటుంది, ముద్ర వుంటుంది, వీధిదీపానికి డబ్బు మాత్రం పైనుంచి రావాలి. ఇదీ కాక, 'ఆలి' అన్నచోట కూడా ఏమైందో చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ప్రత్యేకాధికారులు వచ్చి కూర్చుంటే 2025 చివరిదాకా ఎన్నికల వూసు నిజం కాలేదు. రెండు రాష్ట్రాల్లోనూ తరగతిలో విద్యార్థులు అయిదేళ్ళకోసారి ఎన్నికలు 'నిర్వహించబడతాయి' అని రాస్తూనే వున్నారు.

పంచాయతీ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే నేను కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' చదవమంటాను. 1964లో రాసిన ఆ కథ 1966లో అచ్చయింది. పంచాయతీరాజ్ వచ్చి అప్పటికి కొన్ని ఏళ్ళే. సుందరపాలెంలో దౌర్జన్యం చేసే జమీందారు లేడు. పెద్దమనిషి శ్రీరాములునాయుడు గాంధీమార్గం తెలిసినవాడు. వూరికి రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, అభివృద్ధి అని మనం పిలిచేవన్నీ వచ్చాయి. గోపన్నకు అప్పల్రాముడు పడ్డ బాకీ మీద తగువు అందరి ఎదుటా, అందరి మాటా వింటూ, న్యాయంగా నడుస్తుంది. అంత న్యాయంగా నడిచిన తగువు చివర ఒక తండ్రి తన కొడుకు అప్పుకింద బానిస కాకూడదని ఆ పసివాణ్ణి తన చేతులతోనే చంపుకుంటాడు. సమ్మతి అనే మాటకు రాజనీతి గ్రంథాల్లో ఎన్నో పుటలు కేటాయిస్తారు. సమ్మతిని ఎలా తయారుచేస్తారో, అందులో మర్యాద ఎంత పనిచేస్తుందో, అప్పు ఎంత పనిచేస్తుందో ఆ కథ చూపినంతగా ఏ సిద్ధాంతగ్రంథమూ మన విద్యార్థికి చూపలేదు. అలాగని కథలు చదివితే చాలు, శాస్త్రం అక్కరలేదని చెప్పటం లేదు. 243-జి లోని 'వచ్చు' గురించి కథ చెప్పదు. కథ ఒక వూరిని చూపిస్తుంది. అదే తగువు వెయ్యి వూళ్ళలో ఎందుకు అలాగే ముగుస్తుందో శాస్త్రమే చెప్పాలి. శాస్త్రం తన పని మానేసినందువల్లనే కథమీద ఇంత బరువు పడుతోంది.

పాఠానికి శక్తి లేదనే నిరాశావాదులు దూబగుంటను గుర్తుచేసుకోవాలి. 1990ల తొలి ఏళ్ళలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పెద్దవాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం వుండేది. వూళ్ళో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ కథ అది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మా ఆమెతో చదువుకున్న స్త్రీలూ ఆ పాఠం చదివి, తమ వూళ్ళో సారా ఆపించారు. దూబగుంట కథ మళ్ళీ వాచకంలో పాఠమై మరికొన్ని వూళ్ళకి పోయింది. సారా వేలంపాటలు పదేపదే వాయిదాపడ్డాయి. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. ఎందుకు పోయిందంటే ఖజానా కోసం. నాలుగు లక్షణాల రాజ్యంలో కనిపించని కోశం ఇక్కడ బయటపడింది. నిషేధచట్టం వున్నప్పుడు పోలీసులూ కోర్టులూ ఏం చేస్తాయో రావిశాస్త్రిగారు సారా కథల్లో అంతకు చాలా ముందే చూపించారు. చట్టం లేనప్పుడు ప్రభుత్వం ఏం చేస్తుందో నెల్లూరు స్త్రీలు కనిపెట్టారు. వాళ్ళ వాచకంలోని వాక్యాలు చిన్నవి. ప్రతి వాక్యంలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక పని చేస్తారు.

ఈ ఉద్యమాన్ని గురించిన పాఠం తర్వాత జాతీయస్థాయి పన్నెండో తరగతి రాజనీతి పుస్తకంలోకి కూడా ఎక్కింది. ప్రజా ఉద్యమాల అధ్యాయంలో చిప్కో, దళిత పాంథర్లు, నర్మద పక్కన నెల్లూరు సారా వ్యతిరేక పోరాటానికీ చోటిచ్చారు. 2022లో భారం తగ్గించే పేరుతో ఆ అధ్యాయాన్ని మొత్తంగా తీసేశారు. పిల్లలకు ఏది భారమో పాలకులకు బాగా తెలుసు.

ఇంతవరకూ చెప్పినదానికి మన మిత్రుల్లో చాలామంది తల వూపుతారని తెలుసు. అందుకే మన సంగతి కూడా చెప్పుకోవాలి. అభ్యుదయవాదులైన అధ్యాపకులు కొందరు ఈ శాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని ఒక్క మాటతో తోసేసి, రాజ్యం పాలకవర్గం చేతిలో సాధనమని బోర్డుమీద రాస్తారు. విద్యార్థి దాన్ని కూడా రాసుకుంటాడు. గార్నర్ నిర్వచనం, గెటిల్ నిర్వచనం, లాస్కీ నిర్వచనం, దాని కింద మార్క్స్ నిర్వచనం! పది మార్కుల ప్రశ్నకి ఇంకో పేరా. వల్లెవేసిన విప్లవం వల్లెవేసిన సార్వభౌమత్వంకంటే ఏ విధంగానూ మెరుగు కాదు. లాస్కీ శిష్యుడు రాల్ఫ్ మిలిబాండ్ 1969లో పెట్టుబడిదారీ సమాజంలో రాజ్యం గురించి రాసినప్పుడు ఆ సూత్రాన్ని ఉదహరించి వూరుకోలేదు. ఉన్నతోద్యోగాల్లో, సైన్యంలో, న్యాయస్థానాల్లో కూర్చున్నవాళ్ళు ఏ ఇళ్ళనుంచి వచ్చారు, ఎక్కడ చదివారు, ఎవరితో వియ్యమందారు అని తరచి చూశాడు. ఆ పద్ధతిమీద వాదోపవాదాలు చాలా జరిగాయి. ఆ వాదాలు తేలేదాకా ఆగనక్కరలేదు. మన జిల్లాలో మొదటి మండలాధ్యక్షులు ఎవరి పిల్లలు, కాంట్రాక్టర్లు ఎవరి అల్లుళ్ళు అని ఒక్క తరగతి పూనుకుని రాస్తే అది ఏ నిర్వచనంకంటేనైనా ఎక్కువ మార్క్సిజం అవుతుంది.

పోటీపరీక్షల మాట కూడా రావాలి గాని, దానిమీద ఎక్కువ చెప్పను. ఈ విషయాన్ని ఎంచుకునేవాళ్ళలో ఎక్కువమంది గ్రూపు పరీక్షల కోసం ఎంచుకుంటారు. వాళ్ళ నోట రాజనీతి అనే మాటే పోయి పాలిటీ అయింది. అధికరణాల సంఖ్యలు వాళ్ళకి మేనమామల పేర్లకంటే బాగా తెలుసు. ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కిన కూలివాడి కూతురు ఉద్యోగం కోసం చదువుతుంటే, జీతం తీసుకుంటున్న అధ్యాపకుడు ఆమెకి జ్ఞానం కోసం చదవమని నీతిబోధ చెయ్యటం నాకు అసహ్యంగా వుంటుంది. ఆమె తాసిల్దారు కావాలి. తాసిల్దారు అయిన రోజున ఆమె సంతకంపెట్టే కాగితంలో 'సేకరించబడింది' అని వుంటే, ఎవరు, ఎవరి దగ్గర, ఎవరికోసం అని ఒక్క క్షణం ఆగి అడగగలగాలి. ఆ ఆగటం మూడేళ్ళ చదువు నేర్పవలసిన విద్య.

ఈ తెలుగు బాగాలేదని మనం అంటుంటే, అసలు తెలుగే వద్దని ప్రభుత్వం తేల్చింది. 1968లో తెలుగు అకాడమీ పెట్టి ఉన్నతవిద్యకు మన భాషలో పుస్తకాలు రాయించారు. ఆ పుస్తకాల్లోని లోపాలు పైన చెప్పినవే. వాటి మేలు అంతకంటే పెద్దది, వేలమంది వాటిమీదనే చదువుకుని పైకొచ్చారు. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలు ఇంగ్లీషు మాధ్యమంలోనే చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. రాజనీతికి దీనివల్ల జరిగిన నష్టం ఇంకా చాలామంది గుర్తించలేదు. ఇంగ్లీషులో దేశానికీ, దేశంలోని ఒక భాగానికీ, దండనాధికారం గల సంస్థకీ అన్నిటికీ స్టేట్ అనే ఒకే మాట. భారత రాజ్యాంగం మొదటి అధికరణంలోని స్టేట్ వేరు, పన్నెండో అధికరణంలోని స్టేట్ వేరు. తెలుగు ఒకదాన్ని రాష్ట్రం అంది, మరొకదాన్ని రాజ్యం అంది. మన భాష విడదీసి చూపించిన తేడా అది. రాష్ట్రాన్ని ప్రేమిస్తూ రాజ్యాన్ని ప్రశ్నించవచ్చునని తెలుగు విద్యార్థికి చెప్పటానికి వేరే ఉపన్యాసం అక్కరలేదు, రెండు మాటలూ పక్కపక్కన రాస్తే చాలు. ఆ సౌలభ్యం వదులుకుని, చెడ్డ తెలుగు స్థానంలో అర్థంకాని ఇంగ్లీషు పెట్టాం. 'బడు'లో దాక్కున్న కర్త ఇప్పుడు భాష అవతలికే వెళ్ళిపోయాడు.

ఉత్తర్వు మారేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. పుస్తకంలోని ఒక్క వాక్యం తీసుకోండి, భూసంస్కరణల వాక్యమే తీసుకోండి. తరగతిని అయిదుగురేసి గుంపులుగా పంపండి. తాసిల్దారు కార్యాలయంలో తమ వూరి మిగులుభూమి జాబితా అడగమనండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచారహక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమనండి. దరఖాస్తు రాయటం కూడా రాజనీతి పాఠమే, అదీ తెలుగులోనే రాయవచ్చు. ఆ భూమి ఎవరి దగ్గరనుంచి తీసుకున్నారు, పట్టా ఎవరికిచ్చారు, ఇవాళ దున్నుతున్నది ఎవరు? ఈ మూడు పేర్లతో ఆ వాక్యాన్ని తిరిగి రాయమనండి. కొన్ని వూళ్ళలో మొదటి పేరూ మూడో పేరూ ఒకే ఇంటివి అవుతాయి. రెండో పేరుగలవాడు ఎక్కడున్నాడో కనుక్కోవటానికి ఇంకో వారం పడుతుంది.